ఏడేళ్ళ గ్యాప్ తర్వాత మళ్ళీ విమానం నడపొచ్చా?

శ్రీకాకుళం నుంచి ఒకావిడ అడిగిన ప్రశ్న ఇది. వయసు 37. ఏటీఆర్ 72 (రెండు ప్రొపెల్లర్ల చిన్న విమానం) మీద నాలుగేళ్ళు ఫస్ట్ ఆఫీసర్‌గా, అంటే కో-పైలట్‌గా చేశారు. సుమారు 1,800 గంటలు ఎగిరారు. 2018లో రెండో కాన్పు, ఆ వెంటనే మామగారికి పక్షవాతం రావడంతో మానేశారు. ఇప్పుడు పిల్లలిద్దరూ స్కూలుకి వెళ్తున్నారు, మళ్ళీ ఎగరాలని ఉంది. లైసెన్సు, మెడికల్, రేటింగులు అన్నీ ల్యాప్స్ అయిపోయాయి. ఒక కన్సల్టెన్సీ వాళ్ళు 20 లక్షలు కడితే ఎయిర్‌బస్ 320 టైప్ రేటింగ్ (ఆ రకం విమానం నడిపే అర్హత) చేయించి ఉద్యోగం కూడా చూస్తామంటున్నారట. పలాస దగ్గరున్న జీడితోట తాకట్టు పెట్టాలా వద్దా అని ఇంట్లో రోజూ మాటామాటా. గ్యాప్ గురించి ఇంటర్వ్యూలో ఏం చెప్పాలి, భోగాపురం ఎయిర్‌పోర్టు వస్తే ఇంటి దగ్గరే ఉద్యోగం దొరుకుతుందా అని కూడా అడిగారు.

అమ్మా, మాది విజయనగరం. నేను 2011లో ఎగరడం ఆపేసి 2017లో తిరిగి వచ్చాను. మా అమ్మకి కిడ్నీలు పాడై వారానికి మూడు డయాలసిస్‌లు, ఇంట్లో నేను తప్ప ఎవరూ లేరు. ఆ ఆరేళ్ళూ ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్పాను. ఇప్పుడు కెప్టెన్‌ని, కొన్నేళ్ళుగా సిమ్యులేటర్‌లో శిక్షణ కూడా ఇస్తున్నాను. మీలాగ గ్యాప్ తర్వాత వచ్చినవాళ్ళు చాలామంది నా ముందు కూర్చున్నారు. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

మొదటి ప్రశ్నకి జవాబు: నడపొచ్చు. మన దేశంలో కమర్షియల్ పైలట్ 65 ఏళ్ళ వరకు ఎగరొచ్చు. మీకింకా 28 ఏళ్ళున్నాయి. ఏడేళ్ళు ఆగినందుకు తలుపులు మూసేసే నిబంధన ఏదీ లేదు. కానీ ఏది ముందు, ఏది వెనక అన్నదాంట్లో చాలామంది తప్పటడుగు వేస్తారు. డబ్బు పోయేదీ అక్కడే, మనసు విరిగేదీ అక్కడే.

మొదటి రూపాయి మెడికల్ మీద పెట్టండి. అది తేలేదాకా రెండో రూపాయి బయటికి తీయొద్దు. టైప్ రేటింగ్‌కి లక్షలు కట్టేసి, ఆ తర్వాత క్లాస్ 1 మెడికల్‌లో ఆగిపోయినవాళ్ళని నేను చూశాను. వాళ్ళ ఇళ్ళలో ఆ అప్పు ఎన్నాళ్ళు నడిచిందో నాకు తెలుసు. డీజీసీఏ (పౌర విమానయాన నియంత్రణ సంస్థ) వాళ్ళ ఈజీసీఏ పోర్టల్లోకి వెళ్ళి, మీ మెడికల్ ఎంతకాలం కిందట ల్యాప్స్ అయిందో దాన్నిబట్టి ఎక్కడ, ఏ పద్ధతిలో చేయించుకోవాలో చూడండి. మన వైపు వాళ్ళు ఎక్కువగా బెంగళూరులోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఏరోస్పేస్ మెడిసిన్‌కి వెళ్తారు. ఎయిర్‌ఫోర్స్ వాళ్ళది, చాలా క్షుణ్ణంగా చూస్తారు. కళ్ళు, రంగుల గుర్తింపు, ఆడియోమెట్రీ, ఈసీజీ, రక్తపరీక్షలు అన్నీ ఉంటాయి.

అక్కడికి వెళ్ళకముందే శ్రీకాకుళంలో ఒక మంచి ల్యాబ్‌లో అన్నీ ఒకసారి చూపించుకోండి. బీపీ, షుగర్, థైరాయిడ్, ముఖ్యంగా హిమోగ్లోబిన్. ఇద్దరు పిల్లల్ని కని, ఇంట్లో అందరికీ పెట్టి ఆఖర్న తినే ఆడవాళ్ళకి హిమోగ్లోబిన్ ఎంతుంటుందో చెప్పక్కర్లేదు. నాకు 9.8 వచ్చింది. టెంపరరీ అన్‌ఫిట్ అని రాశారు. ఆ కాగితం చూసి రైల్లో తిరిగి వస్తూ అంతా అయిపోయిందనుకున్నాను. టెంపరరీ అంటే నిజంగా టెంపరరీయే. డాక్టరు రాసిన ఐరన్ మాత్రలు, పొద్దున్నే చోడి (రాగి) అంబలి, రోజూ ఏదో ఒక ఆకుకూర. మూడు నెలల తర్వాత రివ్యూకి వెళ్తే ఫిట్ ఇచ్చారు. మీరు ఆ మూడు నెలలు ముందే గడిపేసి వెళ్ళండి.

ఇంకో మాట. ఆపరేషన్ జరిగినా, థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నా, కాన్పు తర్వాత మనసు బాగోక చికిత్స తీసుకున్నా దాచొద్దు. డిశ్చార్జ్ సమ్మరీలు, పాత రిపోర్టులు ఫైలుగా పెట్టుకుని వెళ్ళండి. చెప్పిన జబ్బుకి దారి దొరుకుతుంది. దాచిన జబ్బు ఎప్పుడో ఒకప్పుడు బయటపడితే లైసెన్సుకే ఎసరు వస్తుంది.

మెడికల్ నడుస్తుండగానే కాగితాలు సర్దుకోండి. మీ టెన్త్ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది, పెళ్ళయ్యాక ఆధార్‌లో అత్తవారి ఇంటిపేరు వచ్చి ఉంటుంది. మన తెలుగువాళ్ళ ఫైళ్ళు ఆగిపోయేది చాలావరకు ఇక్కడే. అప్లికేషన్ పెట్టకముందే అన్నీ ఒకే పేరు మీదకి తెచ్చుకోండి. లాగ్‌బుక్ తీసి మొదటి పేజీ నుంచి కూడికలు మళ్ళీ వేయండి. నాది బీరువాలో పట్టుచీరల కింద, నాఫ్తలీన్ ఉండల మధ్య ఆరేళ్ళు పడుకుంది. తీసి లెక్కేస్తే ఒక పేజీలో నైట్ గంటలు పక్క కాలమ్‌లో కలిసిపోయి, అక్కడి నుంచి చివరిదాకా తప్పే నడిచింది. ఆ తప్పుని ఇంట్లో కూర్చుని మీరే పట్టుకోవాలి, పరీక్షించే ఆఫీసరు పట్టుకునేదాకా ఉండకూడదు.

లైసెన్సు విషయంలో మీరు వెళ్ళాక రెండు పెద్ద మార్పులు వచ్చాయి. 2023 అక్టోబరులో సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్సు), ఏటీపీఎల్ (కెప్టెన్ కావడానికి కావాల్సిన పై లైసెన్సు) గడువుని ఐదేళ్ళ నుంచి పదేళ్ళకి పెంచారు. 2025 ఫిబ్రవరి నుంచి లైసెన్సు ఫోన్‌లో చూపించే ఎలక్ట్రానిక్ రూపంలోకి వచ్చింది. దాన్ని మొదలుపెట్టింది మీ శ్రీకాకుళం ఎంపీ, పౌర విమానయాన మంత్రి రామ్మోహన్ నాయుడుగారే. అయితే గడువు పదేళ్ళు అన్నంతమాత్రాన పదేళ్ళూ ఎగరొచ్చని కాదు. మెడికల్ చెల్లాలి, ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ (బయట ఏమీ కనపడనప్పుడు పరికరాలు చూసి నడిపే అర్హత) 12 నెలలకోసారి నిలబెట్టుకోవాలి, ఈ మధ్యకాలంలో ఎగిరి ఉండాలి. ఇవి లేని లైసెన్సు ఉత్త కార్డు. మీకున్న గ్యాప్‌కి ఎన్ని గంటలు ఎగరాలి, ఏ ఏ స్కిల్ టెస్టులు పెట్టాలి అన్నది ఫ్లయింగ్ స్కూల్ చీఫ్ ఇన్‌స్ట్రక్టర్ చేత ప్రస్తుత నిబంధన నంబరుతో సహా కాగితం మీద రాయించుకోండి. నోటిమాట మీద ఫీజు కట్టకండి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను.

మీరు భయపడుతున్నది చేతులు మరిచిపోయాయేమోనని కదా. చేతులు మరిచిపోవు. చెరువులో ఈత నేర్చుకున్నవాడు ఇరవై ఏళ్ళ తర్వాత దూకినా తేలతాడు. పోయేది వేరే. విమానం కన్నా ముందు మన బుర్ర ఉండటం అనే అలవాటు పోతుంది. రాబోయే రెండు నిమిషాల్లో ఏం జరగాలి, ఏటీసీ (కింద నుంచి విమానాలకి దారి చెప్పే కంట్రోల్) ఏం చెప్పబోతోంది, దిగడం ఎక్కడ మొదలుపెట్టాలి అని పక్కన ఒక లెక్క ఎప్పుడూ నడుస్తూ ఉంటుంది చూడండి, ఆ లెక్క ఆగిపోతుంది. అది ఆగిపోయిందని మనకే తెలియదు.

తిరిగి వచ్చాక నా మొదటి సిమ్యులేటర్ సెషన్ చెప్తాను. వీ1 (టేకాఫ్‌లో ఇక ఆగకూడని వేగం) దాటాక ఎడమ ఇంజిన్ పోయింది. కాలు తనంతట తానే కుడి రడర్ మీదకి వెళ్ళింది. ముక్కు పక్కకి తిరగకుండా తిన్నగానే ఉంది, స్పీడు సరిపోయింది, ప్రొపెల్లర్ దానంతట అది ఫెదర్ అయింది (గాలికి అడ్డు పడకుండా రెక్కలు తిప్పుకుంది). నాకు లోపల సంతోషం, ఏం మరిచిపోలేదని. ఆ సంతోషంలో ఉండగా ఏటీసీ రెండుసార్లు పిలిచింది, నేను వినలేదు. పక్క సీటు నుంచి 'పాజిటివ్ రేట్' (విమానం పైకి లేస్తోంది) అన్న మాట వచ్చింది, గేర్ అప్ అని నేను చెప్పలేదు. చక్రాలు కిందే వేలాడుతుండగా ఒక్క ఇంజిన్ మీద ఎక్కుతున్నాం. ఇన్‌స్ట్రక్టర్ సిమ్యులేటర్ ఆపి, లైటు వేసి, చాలా మెల్లగా చెప్పారు: "మీ చేతులు, కాళ్ళు బాగానే ఉన్నాయమ్మా. విమానం ముందు పోతోంది, మీరు దాని వెనక పరిగెడుతున్నారు." నాకు శిక్షణలో దొరికిన అన్నిటికన్నా విలువైన మాట అది.

ఇది ఏడేళ్ళ గ్యాప్‌కే వచ్చే సమస్య కూడా కాదు. కరోనాకి 2020 మార్చి 25న దేశంలో విమానాలు ఆగి, మే 25న మళ్ళీ మొదలయ్యాయి. మన రాష్ట్రంలో మే 26న. ఆ తర్వాత కూడా చాలా నెలలు కొద్దిపాటి సర్వీసులే. పదివేల గంటలు దాటిన కెప్టెన్లు ఆ రోజుల్లో సిమ్యులేటర్‌కి వచ్చి, దిగడం ఆలస్యంగా మొదలుపెట్టి, రన్‌వేకి దగ్గరయ్యాక ఇంకా ఎత్తులోనే ఉండటం నేను చూశాను. ల్యాండింగ్ మాత్రం చక్కగా చేసేవారు. లోటు ముందుచూపులోనే. వాళ్ళకి కొన్ని సెషన్లలో తిరిగి వచ్చింది, మీకు ఇంకొన్ని ఎక్కువ పడతాయి.

మంచి సంగతి ఏమిటంటే ఈ ముందుచూపుని ఇంట్లో, పైసా ఖర్చు లేకుండా, చాలావరకు తిరిగి తెచ్చుకోవచ్చు. నేను చేసింది చెప్తాను.

మా ఊరి మూడు లాంతర్ల కూడలి దగ్గర జిరాక్స్ షాపులో ఏటీఆర్ కాక్‌పిట్ బొమ్మల్ని పెద్ద కాగితాల మీద ప్రింట్ తీయించాను. వెనక గదిలో గోడకి మైదా జిగురుతో అంటించాను. ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీ, పాదాల దగ్గర రడర్‌కి బదులు రెండు ఇటుకలు. పైన ఓవర్‌హెడ్ ప్యానెల్ కోసం ఒక అట్టని దండేనికి వేలాడదీశాను. రోజూ తెల్లవారుజామున ఐదింటికి కూర్చుని, కాక్‌పిట్ ప్రిపరేషన్ నుంచి షట్‌డౌన్ దాకా ప్రతి స్విచ్‌నీ వేలితో ముట్టుకుంటూ, ప్రతి కాల్‌అవుట్‌నీ నోటితో గట్టిగా అంటూ చేసేదాన్ని. మనసులో అనుకుంటే చాలదు. నోటికి అలవాటు తప్పితే సిమ్యులేటర్‌లో మాట తడబడుతుంది. పక్కింటావిడ కిటికీలోంచి చూసి "ఏటమ్మా, గోడతో మాటాడతన్నావు?" అని మా అమ్మని అడిగిందట. అమ్మ "పరీక్షకి చదువుతోంది" అందట. అది నిజమే.

ఇందులో ఒక సూత్రం ఉంది. చెక్‌లిస్ట్ మధ్యలో కుక్కర్ కూత వేస్తుంది, పాలవాడు పిలుస్తాడు, అమ్మ మంచినీళ్ళు అడుగుతుంది. మొదట్లో విసుగొచ్చేది. తర్వాత అర్థమైంది, కాక్‌పిట్‌లో కూడా ఇంతేనని. ఫ్యూయల్ షీట్ తెచ్చినవాడు, క్యాబిన్ క్రూ, గ్రౌండ్ ఇంజినీరు, అందరూ చెక్‌లిస్ట్ మధ్యలోనే వస్తారు. అంతరాయం వస్తే ఎక్కడ ఆపానో గుర్తున్నా సరే, ఆ చెక్‌లిస్ట్ మొదటి నుంచి మళ్ళీ మొదలుపెట్టడం నియమంగా పెట్టుకున్నాను. మీ ఇంట్లో ఇద్దరు పిల్లలున్నారు కాబట్టి ఈ సాధనకి మీకు నాకన్నా ఎక్కువ అవకాశాలు దొరుకుతాయి.

రేడియో చెవి తిరిగి రావడానికి మా అక్క కూతుర్ని పెట్టుకున్నాను. అప్పుడు ఆరో తరగతి. చీటీల మీద క్లియరెన్సులు రాసి ఇచ్చేదాన్ని. హెడ్డింగ్ 240, ఫ్లైట్ లెవెల్ 110కి దిగండి, స్పీడు 180, ఫలానా ఫ్రీక్వెన్సీకి మారండి, ఇలా నాలుగు అంశాలు ఒకదాంట్లోనే. నేను ఉల్లిపాయలు తరుగుతుంటే అది ఎప్పుడు పడితే అప్పుడు వచ్చి గబగబా చదివేది. నేను కాగితం చూడకుండా రీడ్‌బ్యాక్ ఇవ్వాలి, అంటే విన్నది విన్నట్టు తిరిగి చెప్పాలి. మొదటి వారం నాలుగింటిలో రెండే గుర్తుండేవి. నెలన్నరకి నాలుగూ వచ్చాయి. మీ పెద్దబ్బాయికో అమ్మాయికో ఈ పని అప్పగించండి. తల్లి తప్పు పట్టడం పిల్లలకి మహా ఇష్టం, ఒక్కరోజు కూడా మానరు.

దిగే లెక్కలు కూడా నోటికి రావాలి. తగ్గాల్సిన ఎత్తులో వేలని మూడుతో గుణిస్తే ఎన్ని నాటికల్ మైళ్ళ ముందు దిగడం మొదలుపెట్టాలో వస్తుంది. 12,000 అడుగులు తగ్గాలంటే 36 మైళ్ళు, స్పీడు తగ్గించుకోవడానికి పైన ఇంకొన్ని. గ్రౌండ్ స్పీడుని ఐదుతో గుణిస్తే నిమిషానికి ఎన్ని అడుగులు దిగాలో వస్తుంది, 200 నాట్లకి 1,000 అడుగులు. ఇవి మీకు తెలియనివి కావు. కానీ తెలియడం వేరు, ఇంకేదో పని చేస్తూ రెండు సెకన్లలో చెప్పగలగడం వేరు. నేను పనిమీద విశాఖ వెళ్ళేటప్పుడు ఆర్టీసీ బస్సులోనే సాధన చేసేదాన్ని. కాంప్లెక్స్ చేరడమే ల్యాండింగ్ అనుకుని, తగరపువలస వచ్చేసరికి ఎంత ఎత్తులో ఉండాలి, మధురవాడ దగ్గర గేర్ వేస్తే ఫ్లాప్స్ ఎక్కడ, ఇప్పుడు ఏటీసీ ఇంకో పదిమైళ్ళు తిప్పితే ఏం చేయాలి అని వేసుకునేదాన్ని. మీకు ఎచ్చెర్ల, రణస్థలం, భోగాపురం మీదుగా ఇంకా పొడుగాటి దారి ఉంది.

ప్రతి ఉదయం డాబా ఎక్కి విశాఖపట్నం మెటార్ (ఎయిర్‌పోర్టు వాతావరణ నివేదిక) చదవండి. కోడ్ వీఓవీజెడ్. గాలి 190 నుంచి 8 నాట్లు, విజిబిలిటీ 4000, హేజ్, ఉష్ణోగ్రత 31, డ్యూ పాయింట్ 26 అని ఉందనుకోండి. తల ఎత్తి మీ ఆకాశం చూసి, సాయంత్రానికి ఏమవుతుందో ఒక పుస్తకంలో రాయండి. సాయంత్రం సరిచూసుకోండి. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం పడమట కొండల మీద మబ్బు లేచి చీకటిపడే వేళకి ఈదురుగాలి, వడగళ్ళతో మన మీదకి దిగడం మనం చిన్నప్పటి నుంచి చూసిందే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ ఎయిర్‌పోర్టుని ఏం చేసిందో, 2018 అక్టోబరు 11న తిత్లీ మీ పలాస తోటల్ని ఏం చేసిందో మీకొకరు చెప్పాలా? ఆ జ్ఞానాన్ని పుస్తకంలో ఉన్న మెటీరియాలజీతో కలిపి చదివితే ఇక మరిచిపోరు.

అన్నట్టు, చదువు సంగతి. మీకు 1,500 గంటలు దాటాయి కాబట్టి ఏటీపీఎల్ పేపర్లు రాసేయండి. నావిగేషన్, మెటీరియాలజీ, రేడియో ఎయిడ్స్ అండ్ ఇన్‌స్ట్రుమెంట్స్. పాస్ మార్కు 70 శాతం. ఏటీపీఎల్ చేతికి రావాలంటే కమాండ్ గంటలు (విమానం బాధ్యత మనదిగా ఎగిరినవి) కూడా కావాలి, అది తర్వాతి మాట. ఇప్పుడు ఈ పేపర్లు పాసయితే, ఏడేళ్ళు ఇంట్లో ఉన్నావిడ పుస్తకం వదల్లేదని ఎదుటివాళ్ళకి మీరు చెప్పకుండానే తెలుస్తుంది.

ఇక ఆ 20 లక్షల సంగతి. కట్టకండి. తోట ముట్టుకోకండి. ఎందుకో వివరంగా చెప్తాను.

టైప్ రేటింగ్ అనేది కొని బీరువాలో దాచుకునే బంగారం కాదు. చేసిన రోజు నుంచే దాని విలువ తగ్గుతుంది. ఉద్యోగం లేకుండా చేస్తే కొన్ని నెలలకే రీసెన్సీ (ఈమధ్యే ఎగిరి ఉండాలన్న షరతు) పోయి మళ్ళీ సిమ్యులేటర్‌కి డబ్బు కట్టాలి. పైగా మీకు ఏటీఆర్ రేటింగ్ ఆల్రెడీ ఉంది, దాని మీద 1,500కి పైగా గంటల అనుభవం ఉంది. దాన్ని రిఫ్రెషర్, సిమ్యులేటర్, స్కిల్ టెస్ట్‌లతో బతికించుకోవడానికి అయ్యే ఖర్చు కొత్త రేటింగ్‌లో చిన్న భాగమే. మన దేశంలో ఇండిగో, అలయన్స్ ఎయిర్, ఫ్లై91 ఏటీఆర్‌లు నడుపుతున్నాయి. ముందు వాళ్ళ నోటిఫికేషన్లు చూడండి, ల్యాప్స్ అయిన రేటింగ్ ఉన్నవాళ్ళని ఏ షరతుల మీద తీసుకుంటారో రాసి అడగండి. ఉద్యోగం ఖాయమై, ఆ సంస్థ ఎయిర్‌బస్ చేయమంటే అప్పుడు బ్యాంకు లోను సంగతి ఆలోచించవచ్చు.

"ఉద్యోగం చూస్తాం" అన్న మాటని రాసి సంతకం పెట్టమని ఆ కన్సల్టెన్సీని అడిగి చూడండి. పెట్టరు. 2023 జూన్‌లో ఇండిగో ఒకేసారి 500 విమానాలు, అదే ఏడాది ఫిబ్రవరిలో ఎయిర్ ఇండియా 470 ఆర్డరు ఇచ్చినమాట నిజం. ఆ అంకెలే చూపించి వాళ్ళు మీకు ఆశ పెడుతుంటారు. కానీ 2023లోనే మన దేశంలో 1,622 మందికి కొత్త సీపీఎల్‌లు వచ్చాయని వాళ్ళు చెప్పరు. విమానాలు ఏళ్ళ తరబడి విడతలుగా వస్తాయి, కుర్రాళ్ళు మాత్రం ఇప్పుడే వరుసలో ఉన్నారు. ఆ వరుసలో మీ బలం 1,800 గంటలు. 200 గంటల కుర్రవాడు కొనుక్కునే రేటింగ్‌నే మీరూ కొనుక్కుని అతని వెనక నిలబడితే ఆ బలాన్ని మీరే తగ్గించుకున్నట్టు.

ఇంటర్వ్యూలో గ్యాప్ గురించి అడుగుతారు, మొదటి ఐదు నిమిషాల్లోనే. మూడు వాక్యాలు చాలు. ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు, మంచంలో మామగారు, అందుకని 2018లో ఆపాను. ఇప్పుడు ఇంట్లో ఫలానావాళ్ళు చూసుకుంటున్నారు. గత ఏడాదిగా నేను చేసింది ఇది, అని మెడికల్, పేపర్లు, రెన్యూవల్ గంటలు వరసగా చెప్పడం. క్షమాపణ అడిగినట్టు మాట్లాడకండి. మా అమ్మ గురించి చెప్తూ నేను ఏడ్చేశాను, ఆ తర్వాత అడిగిన సాంకేతిక ప్రశ్నకి గొంతు పెగల్లేదు. అందుకే ముందుగా ఇంట్లో అద్దం ముందు పదిసార్లు చెప్పుకుని వెళ్ళండి. తేదీలు మాత్రం ఒక్కరోజు కూడా అటూఇటూ చేయకండి, లాగ్‌బుక్ అన్నీ చెప్పేస్తుంది. ఎడమ సీట్లో మీకన్నా పదేళ్ళు చిన్నవాళ్ళు కెప్టెన్లుగా ఉంటారు. వాళ్ళు చెప్పింది వినాలి, తప్పు కనిపిస్తే గట్టిగా చెప్పాలి, రెండూ చేయగలిగితే ఎవరూ మీ వయసు లెక్కపెట్టరు. ఆడవాళ్ళని ఎలా చూస్తారో అన్న బెంగ ఉంటే, మన దేశంలో పైలట్లలో దాదాపు 15 శాతం ఆడవాళ్ళే. చాలా దేశాల కన్నా మనం ముందున్నాం. కాన్పుల తర్వాత తిరిగి వచ్చినవాళ్ళు అందులో ఎంతోమంది.

భోగాపురం గురించి. అల్లూరి సీతారామరాజు పేరు పెట్టిన ఆ ఎయిర్‌పోర్టు 3,800 మీటర్ల రన్‌వేతో మా జిల్లాలో వస్తోందంటే మా అందరికీ గర్వమే. కానీ ఎయిర్‌పోర్టు ఉన్నచోటల్లా పైలట్ బేస్ (పైలట్లు డ్యూటీ మొదలుపెట్టే ఊరు) ఉండదు. బేస్ ఎక్కడో సంస్థ నిర్ణయిస్తుంది, కొత్తగా చేరినవాళ్ళకి ఎంచుకునే అవకాశం తక్కువ. మొదటి కొన్నేళ్ళు హైదరాబాదో, బెంగళూరో, ఢిల్లీయో అనుకునే ఇంట్లో మాట్లాడండి. కొత్త నిబంధనల ప్రకారం వారానికి 48 గంటల విశ్రాంతి వరసగా ఇవ్వాలి, మీరు ఎగిరిన రోజుల్లో అది 36 గంటలే. హైదరాబాద్‌లో ఉన్నా ఆ 48 గంటల్లో రాత్రి రైలెక్కి ఆమదాలవలసలో దిగి పిల్లల్ని చూసి రావడం సాధ్యమే, కానీ ప్రతి వారం అలా చేస్తే అలసట పోగవుతుంది. విశ్రాంతి ఇచ్చింది విశ్రాంతికే. ఈ లెక్క మీ ఆయనతో, అత్తగారితో ఇప్పుడే, క్యాలెండర్ ముందు పెట్టుకుని మాట్లాడాలి. రాత్రి డ్యూటీ ఉన్నప్పుడు పిల్లాడికి జ్వరం వస్తే ఎవరు చూస్తారు అన్న ప్రశ్నకి ఒక మనిషి పేరు జవాబుగా ఉండాలి. "చూద్దాంలే" అంటే రెండో నెలలోనే ఇబ్బంది మొదలవుతుంది.

మొత్తం ఎంతకాలం పడుతుందని కూడా అడుగుతారు మీరు. నాకు మొదటి మెడికల్ అప్లికేషన్ నుంచి లైన్‌లో, అంటే ప్రయాణికులతో, మొదటి ఫ్లైట్ దాకా పద్నాలుగు నెలలు పట్టింది. అందులో మూడు నెలలు హిమోగ్లోబిన్‌కి, రెండు నెలలు పేరు సరిచేసుకోవడానికే పోయాయి. మీరు ఆ ఐదు నెలలు మిగుల్చుకోవచ్చు.

ముందు రేపు పొద్దున్న పరగడుపున ల్యాబ్‌కి వెళ్ళి రక్తం ఇచ్చి రండి. ఆ రిపోర్టు, లాగ్‌బుక్ చివరి రెండు పేజీల్లోని మొత్తాలు నాకు రాసి పంపండి. పేరు, నంబర్లు కనపడకుండా చూసుకోండి. ఏటీఆర్‌లో ఇంజిన్ ఫైర్ మెమరీ ఐటమ్స్ (పుస్తకం చూడకుండా వెంటనే చేయాల్సిన పనులు) కూడా పుస్తకం తెరవకుండా గుర్తున్నంత వరకు ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. మెడికల్ వచ్చిన రోజు అదే కాగితం మళ్ళీ తీసి చూసుకుందాం.